వరద చూసిన ఎలక్ట్రిక్ కారులో పవర్ స్టీరింగ్ ఆగిపోతే: ఒక కేస్ స్టడీ

కంపెనీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్టిమేట్‌లో పని ఒకటే రాసి ఉంది, ఈపీఎస్ (ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్) కాలమ్ అసెంబ్లీ మార్చాలని. పార్టు, లేబరు, టాక్సు అన్నీ కలిపి లక్షకు కాస్త తక్కువ. కారు 2022 మోడల్ ఎలక్ట్రిక్ కాంపాక్ట్ ఎస్‌యూవీ. ఓనరు రిటైరైన లెక్చరర్, విజయవాడ పాయకాపురంలో ఉంటారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు ఆయన కారు కూడా నీళ్లలో నిలబడింది. వరదలో మునిగిన బండి కాబట్టి స్టీరింగ్‌కి వారంటీ వర్తించదని చెప్పేశారు. ఆయన ఆ ఎస్టిమేట్ కాగితం పట్టుకుని ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చారు.

ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఎలక్ట్రిక్ కార్లలో పవర్ స్టీరింగ్ లైటు వెలగ్గానే స్టీరింగ్ యూనిట్ మీద పడిపోవడం ఇప్పుడు అలవాటుగా మారుతోంది. లైటు వెలిగింది స్టీరింగ్‌దే కావచ్చు, కానీ జబ్బు దానికి కరెంటు చేరే దారిలో ఉండొచ్చు. ఆ దారిని లోడ్ మీద, అంటే కరెంటు గట్టిగా పారుతున్నప్పుడు, కొలవకుండా లక్ష రూపాయల పార్టు మార్చమని చెప్పడం కస్టమర్‌కి అన్యాయం అని నా గట్టి అభిప్రాయం.

మాస్టారు చెప్పిన లక్షణాలు ముందు రాస్తాను, ఎందుకంటే సగం డయాగ్నోసిస్ వాటిలోనే ఉంది. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. రామవరప్పాడు రింగ్ దగ్గర యూటర్న్ తీసుకునేటప్పుడో, అపార్ట్‌మెంట్ సెల్లార్లో పార్క్ చేసేటప్పుడో ఉన్నట్టుండి స్టీరింగ్ బిర్ర బిగుసుకుపోతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. బండి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే లైటు పోయి మామూలుగా తిరుగుతుంది. వరద తర్వాత కొన్ని నెలలు ఏమీ లేదు, ఎండాకాలంలో మొదలైంది. మొదట అప్పుడప్పుడూ, తర్వాత తరచుగా. నేను అడిగిన ప్రశ్నలకు జవాబు చెబుతూ చెబుతూ ఆయనే ఒక మాటన్నారు: "బాబూ, ఇది సంబంధం ఉందో లేదో తెలీదు గానీ, స్టీరింగ్ బిగుసుకునే ముందు ఏసీ గాలి చప్పుడు ఒక్క క్షణం తగ్గుతుంది."

"హెడ్‌లైట్లు డల్ అవుతాయా మాస్టారూ?" అని అడిగాను. "లేదు, అవి మామూలుగానే ఉంటాయి, రాత్రిపూట గమనించాను" అన్నారు. నా దృష్టిలో ఈ కేసు మొత్తానికి అతి విలువైన సమాచారం ఇదే. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు ఈ సిస్టమ్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. పాత పెట్రోల్, డీజిల్ బండ్లలో ఇంజిన్ బెల్టుతో తిరిగే హైడ్రాలిక్ పంపు ఉండేది. ఎలక్ట్రిక్ కారులో ఇంజినే లేదు కాబట్టి ఎలక్ట్రిక్ మోటారే సాయం పడుతుంది. చిన్న, మధ్య తరగతి కార్లలో ఈ మోటారు ఎక్కువగా స్టీరింగ్ కాలమ్‌కి, అంటే డ్యాష్‌బోర్డ్ కింద క్యాబిన్ లోపలే బిగించి ఉంటుంది. పెద్ద, బరువైన కార్లలో కింద ర్యాక్, అంటే ముందు టైర్లని తిప్పే కడ్డీ మీద ఉంటుంది. మనం స్టీరింగ్ చక్రం తిప్పగానే లోపల టార్షన్ బార్ అనే సన్నని ఉక్కు కడ్డీ కొద్దిగా మెలి తిరుగుతుంది. ఎంత మెలి తిరిగిందో టార్క్ సెన్సర్ కొలుస్తుంది. బండి స్పీడు కూడా చూసుకుని ఈసీయూ, అంటే దాని కంట్రోల్ కంప్యూటర్, మోటారుకి ఎంత కరెంటు పంపాలో నిర్ణయిస్తుంది. స్పీడు తక్కువగా ఉంటే సాయం ఎక్కువ, స్పీడు పెరిగితే తక్కువ.

ఈ మోటారు నడిచేది పెద్ద బ్యాటరీ మీద అనుకుంటారు చాలామంది. ఈ తరగతి కార్లలో అది నడిచేది 12 వోల్టుల బ్యాటరీ లైను మీదే. పెద్ద బ్యాటరీ నుంచి డీసీ-డీసీ కన్వర్టర్ అనే పెట్టె వోల్టేజీని 14 దరిదాపుల్లోకి దించి 12 వోల్టుల బ్యాటరీని చార్జ్ చేస్తూ, లైట్లు, ఏసీ గాలి విసిరే బ్లోయర్, స్టీరింగ్ అన్నిటికీ కరెంటు ఇస్తుంది. నిలబడ్డ బండిలో చక్రం గట్టిగా తిప్పితే స్టీరింగ్ ఒక్కటే 60 ఆంపియర్ల దాకా లాగగలదు. హైవే మీద నేరుగా పోతుంటే దానికి కావాల్సింది చాలా తక్కువ. అందుకే హైవేలో బాగుండి యూటర్న్‌లో పోతోందంటే నేను కరెంటు సరఫరాని అనుమానిస్తాను. టార్క్ సెన్సర్ పాడైతే అది స్పీడు చూసి ఆగదు.

పెట్రోల్ బండిలో 12 వోల్టుల బ్యాటరీ నీరసపడితే పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు మొరాయిస్తుంది, మనకి తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ కారులో సెల్ఫ్ లేదు. కొన్ని రిలేలు, కంప్యూటర్లు మేల్కొంటే చాలు, బండి రెడీ అంటుంది. బ్యాటరీ సగం చచ్చినా ఆ పని అయిపోతుంది. ఆ నీరసం మొదట బయటపడేది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగే స్టీరింగ్ దగ్గరే.

ఇక పని. కారు కంప్యూటర్లని చదివే స్కానర్ పెడితే రెండు ఫాల్టు కోడ్లు వచ్చాయి. ఒకటి యూ0131, అంటే పవర్ స్టీరింగ్ మాడ్యూల్‌తో మాటలు తెగిపోయాయని మిగతా కంప్యూటర్లు చేసిన ఫిర్యాదు. రెండోది ఈపీఎస్ తనంతట తాను రాసుకున్న కోడ్, సప్లై వోల్టేజీ తక్కువ అని. ఫాల్టు పడిన క్షణంలో రికార్డైన వివరాలు తెరిస్తే ఈపీఎస్ దగ్గర వోల్టేజీ 9.3, బండి స్పీడు 4 కిలోమీటర్లు. సర్వీస్ సెంటర్‌లో మొదటి కోడ్ చూసి యూనిట్ చచ్చిపోతోంది అనుకున్నట్టున్నారు. వోల్టేజీ పడిపోతే ఈసీయూ ఆగిపోతుంది, ఆగితే మాటలు తెగిపోతాయి, కాబట్టి మొదటి కోడ్ రెండోదాని వెనకే వచ్చిన ఫలితం కావచ్చు. రెండు కోడ్లు ఉన్నప్పుడు ఏది ముందు పడిందో చూడాలి, కిలోమీటర్ రీడింగో టైమో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఇక్కడ వోల్టేజీ కోడే ముందు పడింది.

బండి నిలబెట్టి, చక్రం ముట్టుకోకుండా, ఈపీఎస్ కప్లర్ దగ్గర మల్టీమీటర్ పెడితే 14.1 వోల్టులు. చూడటానికి ఏ లోపమూ లేదు. చాలా షెడ్లలో టెస్టింగ్ ఇక్కడే ఆగిపోతుంది, "కరెంటు బాగానే వస్తోంది, యూనిట్ పోయింది" అనేస్తారు. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ పైపు సగం పూడిపోయినా ప్రెషర్ నిండుగానే చూపిస్తుంది కదా, ఇదీ అంతే. కరెంటు పారుతున్నప్పుడే అడ్డు ఎక్కడుందో తెలుస్తుంది. ఓమ్ మీటర్ కూడా ఇక్కడ అక్కరకు రాదు. 60 ఆంపియర్లు పారే దారిలో 0.035 ఓమ్ అడ్డు ఉంటే 2.1 వోల్టులు అక్కడే తినేస్తుంది, కానీ మామూలు మీటరు వైర్ల సొంత రెసిస్టెన్సే అంతకంటే ఎక్కువ.

అందుకని వోల్టేజ్ డ్రాప్ టెస్ట్, అంటే కరెంటు పారుతుండగా దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవడం. నాకు తెలిసి ఎలక్ట్రికల్ పనిలో ఇంతకు మించిన టెస్ట్ లేదు, ఖర్చూ లేదు. మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఈపీఎస్ ఎర్త్ పిన్ను వెనకాల. మీటరులో కనిష్ఠం, గరిష్ఠం పట్టి ఉంచే మిన్-మ్యాక్స్ ఆన్ చేసి, మా అబ్బాయి ఒకడు సీట్లో కూర్చుని చక్రాన్ని ఇటు చివరి నుంచి అటు చివరికి గబగబా తిప్పాడు. క్లాంప్ మీటరు వైరు చుట్టూ పెట్టాం, అది డీసీ కరెంటు కొలిచేదై ఉండాలి, ఇళ్లలో వాడే ఏసీ క్లాంప్ పనికిరాదు. కరెంటు 60 దాకా ఎక్కింది, ఎర్త్ వైపు డ్రాప్ 2.1 వోల్టులు చూపించింది. ఇలాంటి లైనులో నేను 0.2 దాటితే ఒప్పుకోను. ఆ తర్వాత పాజిటివ్ వైపు అదే పద్ధతిలో, 0.4. ఇది కాస్త ఎక్కువే. చివరిగా నేరుగా బ్యాటరీ టెర్మినల్స్ మీద పెడితే 14.1 ఉన్న వోల్టేజీ గబుక్కున తిప్పినప్పుడల్లా ఒక్క క్షణం 11.8కి పడి లేస్తోంది.

ఇప్పుడు లెక్క చూడండి. 11.8లో 2.1 పోతే 9.7, దానిలో 0.4 పోతే 9.3. స్కానర్‌లో రికార్డైన అంకె అదే. నాకు ఆ క్షణంలో కలిగిన తృప్తి మాటల్లో చెప్పలేను, ఎందుకంటే కొలతలూ కోడూ ఒకే చోటికి వచ్చి చేరాయి, ఊహతో పనిలేదు. ఎర్త్ ఒక్కటే చెడిపోయి బ్యాటరీ గట్టిగా ఉన్నా, బ్యాటరీ ఒక్కటే నీరసించి ఎర్త్ బాగున్నా, ఈ కారు బహుశా ఇంకా చాలాకాలం నడిచేది. రెండూ కలిసిన చోటే, అదీ గట్టిగా తిప్పిన క్షణాల్లోనే, ఫాల్టు పడుతోంది. అప్పుడప్పుడూ వచ్చి పోవడానికి కారణం అది. సర్వీస్ సెంటర్‌లో ట్రయల్‌కి రాకపోవడానికీ అదే కారణం అయ్యుంటుంది.

ఏసీ గాలి విషయానికి వద్దాం. ఈ కారు వైరింగ్‌లో ఈపీఎస్ ఎర్త్, బ్లోయర్ ఎర్త్ రెండూ డ్రైవర్ కాళ్ల పక్కన, కిక్ ప్యానెల్ కింద బాడీ రేకుకి ఉన్న ఒకే స్టడ్ (బోల్టు) మీద బిగించారు. ఆ స్టడ్ దగ్గర అడ్డు ఉంటే స్టీరింగ్ గట్టిగా లాగినప్పుడు ఆ స్టడ్ మీద ఉన్నవాటన్నిటికీ వోల్టేజీ తగ్గుతుంది, బ్లోయర్ చప్పుడు మారుతుంది. హెడ్‌లైట్ల ఎర్త్ ముందు బానెట్ కింద వేరే చోట ఉంది, వాటికి ఈ గొడవ అంటదు. బ్యాటరీ ఒక్కటే కారణమైతే దాని వోల్టేజీ ఇంకా బాగా పడిపోయి లైట్లు కూడా కంటికి తెలిసేలా ఊగాలి. మాస్టారు మీటరు లేకుండానే ఆ స్టడ్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించినట్టయింది. కస్టమర్ చెప్పేది చివరిదాకా వినాలని మా పిల్లలకి నేను అందుకే పదే పదే చెబుతాను.

విప్పే ముందు జాగ్రత్తలు. ఈ పనిలో పెద్ద బ్యాటరీ హై వోల్టేజీ మోసే ఆరెంజ్ రంగు వైర్ల జోలికి వెళ్లాల్సిన అవసరం లేదు, వెళ్లకూడదు. బండి ఆఫ్ చేసి, తాళం దూరంగా పెట్టి, చార్జింగ్ గన్ తీసేసి, 12 వోల్టుల నెగటివ్ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, కిక్ ప్యానెల్ దగ్గరా సీటు కిందా ఉంటాయి, వాటిలో మీటరు పిన్ను గుచ్చడం ప్రమాదం. స్టీరింగ్‌ని నేరుగా ఉంచి లాక్ చేయాలి, ఎందుకంటే కాలమ్ ఏ కారణంతోనైనా విడిపోతే, చక్రం దానంతట అది తిరిగితే, లోపల హారన్‌కీ ఎయిర్‌బ్యాగ్‌కీ వెళ్లే చుట్టల కేబుల్ తెగిపోతుంది.

కార్పెట్ ఎత్తగానే వాసన వచ్చింది. పైన కార్పెట్ శుభ్రంగా ఉంది, డ్రై క్లీనింగ్ చేసి ఇచ్చారు, దాని కిందున్న మందపాటి ఫోమ్ మాత్రం పిండితే తడి. ఫోమ్‌కీ రేకుకీ మధ్య బుడమేరు ఒండ్రు పొరలా అంటుకుని ఉంది. వరద వచ్చి నెలలు గడిచినా ఆ తడి ఆరలేదు, ఎందుకంటే గాలి ఆడే దారి లేదు. స్టడ్ చుట్టూ తెల్లగా, ఆకుపచ్చగా చిలుము. నట్టు బిగుతుగానే ఉంది, కదిపితే కదల్లేదు. లూజ్ కాంటాక్ట్ కోసం వెతికేవాళ్లు దాన్ని చూసి బాగానే ఉందని వదిలేస్తారు. నట్టు విప్పి థింబుల్ (వైరు చివర నొక్కిన లోహపు రింగు) తీస్తే దాని అడుగున, రేకు మీద, రెండు చోట్లా నల్లటి పొర. థింబుల్ నుంచి వైరు ఇన్సులేషన్ కోస్తే లోపల రాగి కూడా రెండు అంగుళాల వరకు నల్లబడింది. వైరు పోగుల మధ్య నుంచి తడి పైకి పాకుతుంది. ఇలాంటప్పుడు స్టడ్‌కి ఎమరీ పేపర్ కొట్టి మళ్లీ బిగిస్తే కొన్నాళ్లకి కథ మొదటికొస్తుంది.

వైరుని మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోశాం. అదే మందం వైరు ముక్క కలిపి, తగరపు పూత ఉన్న కొత్త థింబుల్‌ని హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగాం. స్టడ్ చుట్టూ పెయింటు, తుప్పు తీసేసి రేకు మెరిసేదాకా రుద్ది, స్టార్ వాషర్ వేసి టార్క్ రెంచ్‌తో బిగించి, బిగించాక పైన వ్యాక్స్ స్ప్రే కొట్టాం. బ్లోయర్ ఎర్త్‌ని కూడా కొత్త థింబుల్‌తో అక్కడే వేరే బోల్టు మీదకి మార్చాను. కంపెనీ డిజైన్‌ని మార్చడం నాకు సాధారణంగా ఇష్టం ఉండదు, కానీ స్టీరింగ్ ఎర్త్ మీద ఇంకోటి ఉండకపోవడమే మంచిదనిపించింది, మాస్టారికి చెప్పి, బిల్లు మీద రాసి చేశాను. ఫోమ్ మొత్తం పీకేసి కొత్తది వేయించాం, పాతది ఎండబెట్టి వేస్తే మళ్లీ తడి పీలుస్తుంది.

పాజిటివ్ వైపు 0.4 డ్రాప్ సంగతి తొందరగానే తేలింది. బానెట్ కింద ఫ్యూజ్ బాక్సులో స్టీరింగ్‌కి బోల్టుతో బిగించే పెద్ద ఫ్యూజు ఉంటుంది, 80 ఆంపియర్లది, దాని ఒక నట్టు కింద రంగు మారి ఉంది. శుభ్రం చేసి, కొత్త ఫ్యూజు వేసి, సరిగ్గా బిగిస్తే డ్రాప్ సగానికి తగ్గింది.

బ్యాటరీ మీద దాని సత్తువ కొలిచే కండక్టెన్స్ టెస్టర్ పెడితే ఉండాల్సిన శక్తిలో సగం కూడా లేదు. రెండున్నరేళ్ల బ్యాటరీ ఇంత త్వరగా ఎందుకు పోయిందని అడిగితే మాస్టారు చెప్పిన కథలో జవాబు ఉంది. వరద తగ్గాక ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూసేదాకా కారు కదపకుండా అలాగే ఉంచారు. సిటీలో ఎన్నో బండ్లు అలా వరుసలో ఉన్నాయి కాబట్టి ఆలస్యమైంది. ఆ కాలమంతా 12 వోల్టుల బ్యాటరీ పూర్తిగా దిగిపోయి పడుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత చార్జ్ చేసినా పూర్తిగా తేరుకోదు. మీటరులో 12.6 చూపిస్తుంది, లోడ్ పడగానే చతికిలబడుతుంది. డీసీ-డీసీ కన్వర్టర్ మీద కూడా లోడ్ పెట్టి చూశాం, అది బాగుంది, కొద్ది క్షణాల్లో 14కి తెచ్చేస్తోంది. ఆ కొద్ది క్షణాల లోటు పూడ్చాల్సింది బ్యాటరీ, అదే ఇక్కడ చేతకాలేదు. కంపెనీ చెప్పిన సైజు, రకం బ్యాటరీయే కొత్తది వేశాం.

అన్నీ అయ్యాక అదే టెస్ట్, అదే అబ్బాయి, అదే గబగబా తిప్పడం. బ్యాటరీ దగ్గర కనిష్ఠం 13.4, ఎర్త్ డ్రాప్ 0.1, పాజిటివ్ 0.2, ఈపీఎస్ దగ్గర 13.1. బ్యాటరీ విప్పి వేశాం కాబట్టి స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ సున్నా ఎక్కడో మళ్లీ నేర్పాలి, ఈ కారులో చక్రాన్ని రెండు చివర్లకీ తిప్పి తర్వాత నేరుగా కాస్త దూరం నడిపితే సరిపోతుంది. టార్క్ సెన్సర్ క్యాలిబ్రేషన్ ముట్టుకోలేదు. కాలమ్ విప్పనప్పుడు దాని అవసరం లేదు, అవసరం లేకుండా చేస్తే లేని సమస్య వచ్చి కూర్చుంటుంది. స్కానర్ లైవ్ డేటా పెట్టుకుని ఎనికేపాడు నుంచి రామవరప్పాడు రింగ్ దాకా, ఆటోనగర్ సందుల్లో, ఏసీ ఫుల్, లైట్లు ఆన్ చేసి తిప్పాం. కోడ్లు మళ్లీ రాలేదు. టైర్లలో గాలి చూస్తే ముందు రెండూ 26 పీఎస్ఐ ఉన్నాయి, స్టిక్కర్ మీద ఉన్న అంకెకి పెంచాం. గాలి తగ్గిన టైరు నిలబడ్డ చోట తిప్పడానికి బరువెక్కుతుంది, స్టీరింగ్ మోటారు ఆ బరువంతా మోయాలి.

ఈపీఎస్ యూనిట్ నిర్దోషి అని ముందు నుంచే నాకు ఎందుకు అనిపించిందో కూడా చెప్పాలి. ఈ కారులో నీళ్లు సీట్ల దాకా రాలేదు, ఫ్లోర్ మునిగింది. కాలమ్ మోటారు, ఈసీయూ మోకాళ్ల కంటే పైన ఉన్నాయి. కప్లర్ విప్పి పిన్నులు చూస్తే కొత్తవాటిలా ఉన్నాయి. నీటి మరక ఏ ఎత్తు వరకు ఉందో చూసుకుని, ఆ గీత కింద ఏమేం ఉన్నాయో మొదట వెతకాలి. పెద్ద బ్యాటరీ పెట్టె విషయంలో సర్వీస్ సెంటర్ వాళ్లు వరద తర్వాత ఇన్సులేషన్ టెస్ట్ (కరెంటు బాడీకి లీకవుతోందా అని చూసే పరీక్ష) చేసి బాగుందని రిపోర్టు ఇచ్చారు, అది మంచి పని. ఇలాంటి పెట్టెల మీద రాసే నీటి రక్షణ రేటింగు ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాల పరీక్ష, వరదలో రోజుల తరబడి నానినదానికి అది హామీ కాదు, కాబట్టి ఆ టెస్ట్ అందరూ అడిగి చేయించుకోవాలి.

యూనిట్ నిజంగా పోయిన కేసులు లేవా అంటే ఉన్నాయి. చేతులు వదిలితే చక్రం ఒక పక్కకి లాగడం, టార్క్ సెన్సర్‌లోని రెండు సిగ్నల్స్ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండటం, సప్లై 13 వోల్టులు నిలకడగా ఉన్నా సాయం ఆగిపోవడం, తిప్పుతుంటే గరగరమని శబ్దం, ఇవన్నీ యూనిట్ వైపు చూపిస్తాయి. ఇంకోటి ఉంది, పార్కింగ్‌లో అదే పనిగా ఇటూ అటూ తిప్పుతూ ఉంటే మోటారు వేడెక్కి ఈసీయూ సాయం తగ్గించేస్తుంది, కాసేపు చల్లారితే మామూలు. అది ఫాల్టు కాదు, రక్షణ. డ్రైవింగ్ స్కూల్ బండ్లలో ఇలాంటి ఫిర్యాదు వస్తుంటుంది.

ప్రపంచంలో పెద్ద కంపెనీల రీకాల్స్ చూసినా, లైటు ఒకటే, కారణాలు వేరు. టెస్లా 2018లో మోడల్ ఎస్ కార్లు 1,23,000 వెనక్కి పిలిచింది, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే లవణాల వల్ల పవర్ స్టీరింగ్ బోల్టులు తుప్పుపట్టి విరగొచ్చని. అదే కంపెనీ 2022లో మోడల్ ఎస్, ఎక్స్ 40,000 పైచిలుకు, గతుకుల రోడ్డు మీద సాయం ఆగిపోవచ్చని, సాఫ్ట్‌వేర్‌తో సరిచేసింది. 2025లో మోడల్ 3, వై కార్లు 3,76,241, ఈసారి సర్క్యూట్ బోర్డు మీద అధిక వోల్టేజీ ఒత్తిడి కారణం. ఇక మన దేశంలో 2024లో హ్యుందాయ్ అయానిక్ 5 కార్లు 1,744 రీకాల్ అయింది స్టీరింగ్ కోసం కాదు, 12 వోల్టుల బ్యాటరీని చార్జ్ చేసే యూనిట్ కోసం. ఆ చార్జింగ్ ఆగితే దాని మీద బతికేవన్నీ, స్టీరింగ్‌తో సహా, వరుసగా ఇబ్బంది పడతాయి. మీ కారు నంబరు మీద రీకాల్ పెండింగ్ ఉందేమో కంపెనీని అడగడం మొదటి పని, అది ఉచితం.

రిపేరు వద్దనే చోట కూడా చెప్పేస్తాను. ఆటోనగర్‌లో స్క్రాప్ బండ్ల నుంచి తీసిన కాలమ్‌లు దొరుకుతాయి, సగం ధరకే. నేను వేయను. ఆ బండి ఏ యాక్సిడెంట్‌లో నలిగిందో, టార్షన్ బార్ ఎంత దెబ్బతిందో బయటికి కనిపించదు, పైగా వేరే వేరియంట్‌దైతే కోడింగ్ సరిపడదు. ఈసీయూ విప్పి బోర్డు మీది మోస్‌ఫెట్లు (మోటారుకి కరెంటు వదిలే ట్రాన్సిస్టర్లు) మార్చేవాళ్లూ ఉన్నారు, వాళ్ల చేతి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది, అయినా స్టీరింగ్ బోర్డు మీద ఆ పని ఒప్పుకోను. టార్క్ సెన్సర్ విప్పడం అసలే కుదరదు. యూనిట్ నిజంగా పోతే కొత్తదే వేయాలి, లక్ష అయినా సరే.

మాస్టారి భయం వేరే. "ఊరి బయట రోడ్డు మీద ఇలా అయితే బండి తిరగనే తిరగదా?" అని అడిగారు. తిరుగుతుంది. చక్రం నుంచి టైర్ల దాకా ఇనుప షాఫ్ట్ ఉంది, మోటారు పోయినా ఆ లింకు తెగదు. యూఎన్ రెగ్యులేషన్ 79లో దీనికి లెక్క ఉంది. కారు 10 కిలోమీటర్ల వేగంతో మలుపులోకి వెళ్లేటప్పుడు, సాయం ఉంటే చక్రం మీద పెట్టాల్సిన బలం 150 న్యూటన్లు దాటకూడదు, సాయం పోతే 300 న్యూటన్లు దాటకూడదు. 300 న్యూటన్లు అంటే దాదాపు 30 కిలోల బరువు, రెండు చేతులతో చేయగలిగిందే, కానీ అలవాటు లేనివాళ్లకి, పెద్దవాళ్లకి మలుపు మధ్యలో ఒక్కసారిగా అంత బరువు పడితే కంగారు సహజం. స్పీడు తగ్గించండి, రెండు చేతులతో పట్టుకోండి, వెడల్పుగా తిప్పి పక్కకి ఆపండి. ఒక్క స్టీరింగ్ లైటే వెలిగితే నిదానంగా దగ్గర్లోని షెడ్డుకి నడపొచ్చు. దానితోపాటు బ్రేకు, ఏబీఎస్, బ్యాటరీ గుర్తులు కూడా వెలిగాయంటే మాత్రం నడపొద్దు, 12 వోల్టుల లైనే కూలుతోందని అర్థం. ఎలక్ట్రిక్ కారులో బ్రేకుకి బలం ఇచ్చేది కూడా ఆ లైను మీదే ఉంటుంది. పెడల్ నొక్కితే బ్రేకు పడుతుంది కానీ చాలా గట్టిగా తొక్కాలి. అలాంటప్పుడు ఆఫ్ చేసి ఆన్ చేసి చూసి, లైట్లు పోయాయి కదా అని ఇంటిదాకా పోదామనుకోవద్దు, ట్రక్కు పిలిపించండి.

ఖర్చు సంగతి. బ్యాటరీ, ఫోమ్, ఫ్యూజు, థింబుల్స్, లేబరు కలిపి ఎస్టిమేట్‌లో పదో వంతు పైన కొంచెం అయింది. ఎక్కువ సమయం పట్టింది కార్పెట్, సీట్లు తీసి పెట్టడానికే, కొలతలకి గంట కూడా పట్టలేదు. సర్వీస్ సెంటర్ కుర్రాళ్లని నేను తప్పుపట్టను, వాళ్ల ముందున్న చార్టులో ఆ కోడ్‌కి యూనిట్ మార్చమనే రాసి ఉండొచ్చు, సీట్లు విప్పి ఫోమ్ కింద చూసేంత టైమ్ ఎవరూ ఇవ్వరు. అయితే వరద బండి అని తెలిసి వారంటీ తోసిపుచ్చినవాళ్లు, వరద బండిలా దాన్ని వెతకాల్సింది. ఎర్త్ స్టడ్ చూడాలన్న మాట ఆ ఎస్టిమేట్‌లో ఎక్కడా లేదు.

తర్వాతి వానాకాలం ముగిశాక మాస్టారిని కారు తెమ్మన్నాను. ఎర్త్ డ్రాప్ 0.1 దగ్గరే ఉంది, ఫోమ్ పొడిగా ఉంది, స్టీరింగ్ కోడ్లు లేవు. డ్రైవర్ సీటు కింద సీటుబెల్టు కప్లర్ ఒకదాని చివర కొద్దిగా చిలుము కనిపించింది. అది పసుపు కప్లర్, నా పని కాదు. ఫోటో తీసి, ఆ కప్లర్ మాత్రమే మార్చాలని కాగితం రాసి సర్వీస్ సెంటర్‌కి పంపాను, మార్చి ఇచ్చారు.